లేదని చెప్పగల దూరదర్శిని

2025వ సంవత్సరము ఏప్రిల్ నెలలో మన పత్రికలన్నియు నొక వార్తను పెద్ద యక్షరములతో ప్రకటించినవి. సింహరాశిలో, భూమికి 124 కాంతిసంవత్సరముల దూరమున, ఒక యెఱ్ఱని చిన్న నక్షత్రమును చుట్టివచ్చుచున్న కె2-18బి అను గ్రహముపై ప్రాణులున్న జాడ కనబడినదని ఆ వార్త. ఆ నెలాఖరునందే మా పట్టణమున నొక సభ జరిగెను. ఉపన్యాసకులు విద్వాంసులే, వారి పేరు చెప్పుట మాకిష్టము లేదు. వారొక చేత పత్రికను, మఱియొక చేత పురాణగ్రంథమును పట్టుకొని వేదిక నెక్కి, పదునాలుగు భువనములను గూర్చి మన పూర్వులు చెప్పినదానినే తెల్లవారు నేటికి కనుగొన్నారని గంటసేపు వక్కాణించిరి. సభ్యులు కరతాళధ్వనులు చేసిరి. సభ ముగిసి యింటికి పోవుచుండగా, ఇంటర్మీడియెటు చదువుచున్న మా మేనల్లుడు, "మామయ్యా, ఆ గ్రహముమీద ప్రాణి లేదని రేపు తేలినయెడల పురాణము కూడ తప్పయినట్లేనా?" అని యడిగెను. ఉపన్యాసకులకు తోచని ప్రశ్న పిల్లవానికి తోచినది. ఈ వ్యాసము ఆ ప్రశ్నవలన పుట్టినది.

మొదట వార్తలోని విషయమేమో చూతము. ఆ గ్రహము మన భూమికన్న బరువున ఎనిమిది రెట్లకును, అడ్డుకొలతలో రెండున్నర రెట్లకును మించినది. అది తన నక్షత్రమునకు అడ్డముగా దాటునపుడు, నక్షత్రకాంతిలో నిసుమంత భాగము గ్రహపుటంచుననున్న గాలిపొరలోనుండి దూరి మనకు చేరును. ఆ వెలుగును వర్ణపటముగా విడదీసినచో, అచటి వాయువులు తాము మ్రింగిన వన్నెల చోట చీకటి గుర్తులను విడిచియుండును. జేమ్స్ వెబ్ దూరదర్శినితో ఇట్లు పరిశీలించి, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమునందలి నిక్కు మధుసూదన్ గారును వారి సహచరులును, డైమిథైల్ సల్ఫైడు అను గంధకపు సమ్మేళనముగాని దానికి దాయాదియైన మఱియొకటిగాని అచట నున్నట్లు తోచుచున్నదనిరి. భూమిమీద ఆ వాయువును ముఖ్యముగా పుట్టించునవి సముద్రములోని సూక్ష్మజీవులు. (మధుసూదన్ గారు భారతదేశమున జన్మించినవారే. 'తెల్లవారు' అని గర్జించిన ఉపన్యాసకులు వార్తను తుదివఱకు చదివినట్లు లేదు.)

ఆ గుర్తునకు బలమెంత? కేవలము యాదృచ్ఛికముగా నట్టి గుర్తు కనబడుటకు వేయింటికి మూడు పాళ్ల యవకాశము కలదని వారే చెప్పిరి. వినుటకిది స్వల్పముగనే యుండును. కాని శాస్త్రజ్ఞులు తాము క్రొత్తగా కనుగొంటిమని చెప్పుకొనుటకు పెట్టుకొన్న కట్టుబాటు కోటికి ఆఱు పాళ్లు. ఇంకను పరిశీలింపవలయునని వారే హెచ్చరించిరి. పిమ్మట నితర బృందములు ఆ కొలతలనే తీసికొని మరల లెక్కించి, ఆ వాయువున్నదని చెప్పుటకు తగిన సాక్ష్యము లేదనిరి. అదియు గాక, ప్రాణి వాసనయే లేని తోకచుక్కలో సహితము ఆ సమ్మేళనము కలదని అంతకు పూర్వమే 2024లో తేలియుండెను. పత్రికలు మాత్రము మొదటి వార్తను ముఖపత్రమున వేసినవి. తరువాతి మాటను మేము చదువు పత్రికలలో లోపలి పుటలయందు వెదకి పట్టవలసి వచ్చెను.

మేము తప్పుపట్టునది మధుసూదన్ గారిని గాదు. చూచినదానిని చూచినంత చెప్పుట పరిశోధకుని ధర్మము. మా తగవు ఇద్దఱితో. ప్రాణి దొరకినదని పొంగిపోవువారు మొదటివారు. దొరకుట మాకెప్పుడో తెలియుననువారు రెండవవారు. వీరొకరినొకరు వెక్కిరించుకొందురు గాని, ఇద్దఱి గుణమును ఒక్కటే. ఇద్దఱికిని దూరదర్శినితో పనిలేదు. ఒకరికి సందేహమే చాలును. మఱియొకరికి అదియు నక్కఱలేదు. ఉన్నదని చెప్పుటకు చెడ్డ దూరదర్శినియైనను చాలును. లేదని చెప్పుటకే మంచి దూరదర్శిని కావలయును. అట్టిది నేటికి మానవుల చేతిలో లేదు. దానిని నిర్మింపవలయుననుటయే మా వాదము.

చెడ్డ దూరదర్శిని 'ఉన్నది' యని చెప్పిన కథలు కావలసినన్ని కలవు. ఒకటి మన చెన్నపట్టణముననే జరిగినది. అచటి వేధశాలలో ఈస్టిండియా కంపెనీవారి జ్యోతిష్కుడైన జేకబు దొర 1855లో, సర్పధరమండలమున 70వ సంఖ్య గల జంటనక్షత్రముల నడకలో లెక్కకు లొంగని వంకర యొకటి కలదనియు, కంటికి కానరాని గ్రహమేదో దానిని లాగుచున్నట్లు తోచుచున్నదనియు ప్రకటించెను. సూర్యేతర నక్షత్రమునకు గ్రహము కలదని ఆధునికశాస్త్రరీతిని జరిగిన తొలి వాదములలో నది యొకటి. సర్కారు జిల్లాలన్నియు ఆనాడు చెన్నపురి రాజధానిలోనివే గావున ఆ కీర్తిలో మనకును గొంత పాలు కలదనుకొనవచ్చును, తప్పులోను కలదు. నలువదియేండ్ల తరువాత అమెరికాలో సీ అను నాతడు ఆ మాటనే మఱింత గట్టిగా చెప్పగా, 1899లో మౌల్టను అను గణితవేత్త అట్టి కక్ష్యలో నే గ్రహమును నిలువజాలదని లెక్కవేసి చూపెను. ఆ గ్రహము నేటికిని కనబడలేదు.

అంగారకునిమీద కాలువలు త్రవ్వించిన లోవెలు దొర కథ చదువరులెఱిగినదే. 1900లో పారిసునగరమున నొక ధనికురాలి మరణశాసనము ననుసరించి, అన్యగ్రహవాసులతో సంభాషణ జరిపినవారికి లక్ష ఫ్రాంకుల బహుమాన మేర్పడినది. అంగారకునితో మాటాడుట మిక్కిలి సులభమని తలంచి దానిని మాత్రము మినహాయించిరి!

వీనికన్న మా మనస్సును నొప్పించిన కథ వాన్ డి కాంపు గారిది. అమెరికాలో స్వార్థ్‌మోరు కళాశాలకు చెందిన స్ప్రౌలు వేధశాలలో వీరు 1938వ సంవత్సరము మొదలు బర్నార్డు నక్షత్రమును ఛాయాచిత్రములు తీయసాగిరి. అది మనకు ఆఱు కాంతిసంవత్సరముల దూరముననున్న పొరుగుచుక్క. పాతికేండ్లు తీసిన రెండువేలకు పైబడిన గాజుపలకలను కొలిచి, ఆ నక్షత్రము తూలుచు నడచుచున్నదనియు, బృహస్పతికన్న పెద్దదైన గ్రహము దానిని చుట్టుచున్నదనియు 1963లో ప్రకటించిరి. పాఠ్యపుస్తకములు దానిని నమ్మినవి. పదేండ్ల తరువాత గేట్‌వుడ్, ఐఖోరన్ అను నిరువురు వేఱు వేధశాలల పలకలను కొలిచి చూడగా, తూలుట కానరాలేదు. ఆ సంవత్సరమే స్ప్రౌలు వేధశాలలోని హెర్షీ అను నాతడు అచటి పలకలలోని యితర నక్షత్రములను కొలువగా, అవియు బర్నార్డు నక్షత్రము వలెనే, ఆయా సంవత్సరములయందే తూలినట్లు తేలినది. 1949లో ఆ దూరదర్శిని కటకమును విప్పి, తుడిచి, మరల బిగించిరి. తూలినది చుక్క గాదు, కటకము!

పాతికేండ్ల రాత్రులు, చలిలో, ఒక గాజుబిళ్ల బిగింపులోని తేడాను కొలుచుచు గడిపిన పండితుని తలచికొనుడు. ఆయన సోమరి గాడు, కపటి గాడు. ఆయన కున్న పనిముట్టు ఆయన యడిగిన ప్రశ్నకు చాలలేదు, అంతియే. ఆయన తన గ్రహమును తుదివఱకు విడువక 1995లో మే నెలలో స్వర్గస్థుడయ్యెను. ఆ యక్టోబరులోనే మేయరు, క్వెలోజు అను జెనీవా పండితులు సూర్యునివంటి మఱియొక నక్షత్రముచుట్టు తిరుగు గ్రహమును నిస్సందేహముగా కనుగొనిరి. నేటికి అట్టి పరతారాగ్రహములు ఆఱువేలకు మించినవి. బర్నార్డు నక్షత్రమునకును గ్రహములు కలవని 2024, 2025 సంవత్సరములలో, అందుకొఱకే నిర్మించిన సూక్ష్మయంత్రములు తేల్చినవి. నాలుగు గ్రహములు, అన్నియు భూమికన్న చిన్నవి. వాన్ డి కాంపు చెప్పిన భారీగ్రహము వానిలో లేదు.

ప్రాణుల విషయముననే జరిగిన మఱియొక తప్పును చెప్పి ఈ కథలను చాలించెదము. 1950 పైచిలుకు సంవత్సరములలో సింటను గారు అంగారకుని వెలుగులో కొన్ని చీకటిపట్టెలను చూచి, అవి చెట్టుచేమల గుర్తులని ప్రకటించిరి. ఆయన వాడినవానిలో నాటికెల్ల పెద్దదైన పాలొమార్ కొండమీది 200 అంగుళముల దూరదర్శినియు కలదు. 1965లో నిజము బయటపడినది. ఆ పట్టెలు అంగారకునివి కావు. మన భూమి గాలిలోని యొక విధమైన బరువు నీటియావిరివి. చూచువాని కంటిముందటి పొగయే పొరుగింటి పొగవలె కనబడినది. కాని యా తప్పును దిద్దుచు ప్రకటించిన వ్యాసకర్తలలో సింటను గారే యొకరు! మా తరగతిలో చేసిన లెక్కను తానే తప్పని చెరిపివేసిన బాలునికి మేము నిండు మార్కులిత్తుము. ఆ వ్యాసమునకును నిండు మార్కులీయవలసినదే.

ఇచట మన యిండ్లలోని విషయ మొకటి జ్ఞప్తికి వచ్చుచున్నది. ఒకే వీథిలో ఒక యింట ఏకాదశి నేడు, ప్రక్కయింట రేపు. ఒకరిది దృక్సిద్ధాంత పంచాంగము, మఱియొకరిది పూర్వపద్ధతి. ఈ తగవులో విసిగిన గృహిణులు మాకెందఱో తెలియును. కేరళ దేశమున పరమేశ్వరుడను జ్యోతిష్కుడు ఏబదియైదేండ్లు గ్రహణములను కనిపెట్టి చూచి, పాతలెక్క ఆకాశముతో సరిపోలకుండుట గుర్తించి, 1431 ప్రాంతమున దృగ్గణితమను పద్ధతి నేర్పఱచెను. గురువులు చెప్పినది తప్పని ఆయన ద్వేషముతో ననలేదు. చూచితిని, సరిపోలలేదు, సవరించితినని యనెను. చెన్నపురి వేధశాలలో పనిచేసిన చింతామణి రఘునాథాచార్యులుగారు పందొమ్మిదవ శతాబ్దమున దృగ్గణిత పంచాంగమును ప్రకటించిరి. మన సంస్కృతవిద్యలో గర్వింపదగినది కావలెనన్నచో ఇది కలదు. పదునాలుగు భువనములు కె2-18బి కొఱకు చెప్పినవి గావు. వానిని తెచ్చి వర్ణపటము ప్రక్కన నిలువబెట్టువాడు పురాణమును గౌరవించుట లేదు. సాక్ష్యము చెప్పలేని వృద్ధుని కోర్టుకు లాగుచున్నాడు.

ఇక దూరదర్శినుల మాట. జేమ్స్ వెబ్ గొప్ప యంత్రము. 2021 డిసెంబరు 25వ తేదీని దానిని ఆకాశమునకు పంపిరి. దాని దర్పణము వెడల్పు ఆఱున్నర మీటర్లు. అది 'లేదు' అను మాటయు చెప్పగలదు. నలువది కాంతిసంవత్సరముల దూరమున ట్రాపిస్టు-1 అను నక్షత్రముచుట్టు భూమియంతేసి గ్రహము లేడు కలవు. వానిలో మొదటిదానికి గాలి యున్న జాడ లేదనియు, రెండవదానికి దట్టమైన బొగ్గుపులుసుగాలి పొర లేదనియు 2023లో తేల్చినది. ఆ వార్తను ఎవరును ముఖపత్రమున వేయలేదు. అయితే సూర్యునివంటి నక్షత్రము ప్రక్కన భూమివంటి గ్రహమును చూచుటకు ఆ యంత్రము నిర్మింపబడలేదు, దానికి చేతగాదు.

ఎందుచేత? దూరమునుండి చూచువారికి మన సూర్యుని వెలుగులో వేయికోట్ల పాళ్లలో నొక్క పాలు మాత్రమే భూమి వెలుగు. పెండ్లి యూరేగింపులో పెట్రోమాక్సు దీపమును మూడు మైళ్ల దూరమునుండి చూచుచు, దాని గాజునంటి యెగురుచున్న మినుగురు పురుగు రెక్క రంగు చెప్పుమన్నను ఇంతకన్న సులభమే. కావున మొదట దీపమును కప్పవలయును. ఫ్రాన్సు దేశమున లియో అను పండితుడు 1930 ప్రాంతమున, గ్రహణము లేకయే సూర్యుని చుట్టునున్న కాంతివలయమును చూచుటకై, దూరదర్శినిలోపలనే సూర్యబింబమును కప్పు ఉపాయమును కనిపెట్టెను. నేడు దానినే మిక్కిలి సూక్ష్మముగా నభివృద్ధిచేసి, రోమన్ అను నూతన ఆకాశదూరదర్శినిలో పరీక్షార్థము అమర్చియున్నారు. మఱియొక ఉపాయము కలదు. ఎండలో దూరపు మనిషిని గుర్తుపట్టవలసినచో మనము నొసట చేయి యడ్డము పెట్టుకొందుము గదా! అట్లే దూరదర్శినికి వేలకొలది మైళ్ల ముందుగా, పొద్దుతిరుగుడు పువ్వువలె రేకులుగల పెద్ద తెఱనొకదానిని ఎగురవేసి, నక్షత్రమును మాత్రము దాని నీడలో దాచవలయునని కొందఱి యూహ. రేకు లెందులకనగా, గుండ్రని యంచును చుట్టి వెలుగు వంగి నీడలోనికి ప్రాకివచ్చును. రేకుల యంచు దానిని చెదరగొట్టును.

మూడవ యుపాయము మా కెక్కువ ముచ్చట గొలిపినది. న్యూయార్కు రాష్ట్రమున ట్రాయి పట్టణమునందలి రెన్‌సెలియర్ విద్యాలయముననున్న హైడీ న్యూబర్గు అను విదుషీమణియు సహచరులును 2025లో ప్రకటించినది. వేడిమికిరణములలో చూచినచో సూర్యుడు భూమికన్న పదిలక్షల రెట్లు మాత్రమే ప్రకాశవంతుడు. వేయికోట్లకంటె నిది మేలు. కాని యా కిరణముల యల పొడవు ఎక్కువ గావున, ముప్పది కాంతిసంవత్సరముల దూరమున నక్షత్రమును గ్రహమును విడివిడిగా చూచుటకు ఇరువది మీటర్ల దర్పణము కావలయును. అంత గుండ్రని దర్పణమును ఆకాశమునకు పంపుట నేటికి సాధ్యము గాదు. వారి ప్రశ్న యిది: గుండ్రముగా నేల యుండవలయును? నక్షత్రమునుండి గ్రహమునకు గీచిన గీత వెంబడి మాత్రమే పొడవు కావలయును గదా! ఇరువది మీటర్ల పొడవు, ఒక్క మీటరు వెడల్పుగల పట్టెవంటి దర్పణమును మడిచి పంపి, అచట త్రిప్పి త్రిప్పి చూచినచో చాలునని వారి లెక్క. దూరదర్శినియనగా గుండ్రముగా నుండవలయునని మూడు నాలుగు శతాబ్దములుగా తలచుచున్న మనకు ఇది చెంపపెట్టు. దీనిని ఎవరైన కట్టుదురో లేదో చెప్పలేము. కాని ప్రశ్న యడిగిన రీతి చూడుడు.

వీనిలో నన్నిటికన్న నిశ్చయముగా ముందునకు సాగుచున్నది అమెరికావారి హాబిటబుల్ వరల్డ్స్ అబ్జర్వేటరీ. ఆ దేశపు జ్యోతిశ్శాస్త్రజ్ఞుల సమితి 2021 నవంబరులో దీనిని కోరినది. సుమారు ఆఱు మీటర్ల దర్పణము. నక్షత్రమును కప్పు సాధనము. జీవయోగ్యములుగా తోచు ఇరువదియైదు గ్రహముల గాలిని పరీక్షించుట దాని లక్ష్యము. దానిలోని దర్పణములు ఒకదానితో నొకటి పొందిక తప్పి ఒక్క పరమాణువు వెడల్పులో పదవవంతు కదలినను నక్షత్రకాంతి చిందిపడి గ్రహమును మ్రింగివేయును. స్ప్రౌలు వేధశాలలో కటకము తుడిచి బిగించిన సంగతిని ఇచట జ్ఞప్తికి తెచ్చుకొనుడు.

ఇరువదియైదే యెందులకు? ఇది చిన్న లెక్క. మా యెనిమిదవ తరగతి బాలికలును చేయగలరు. అట్టి గ్రహములలో ఎనిమిదింటికి ఒకదానిపై ప్రాణులున్నారనుకొందము. ఇరువదియైదింటిని చక్కగా పరీక్షించియు ఒక్కటియు తగులకపోవుటకు నూటికి నాలుగు పాళ్లకు లోపు అవకాశము. కావున ఇరువదియైదును శూన్యములైనచో, ప్రాణము మనమనుకొన్నంత సులభముగా పుట్టునది కాదని గట్టిగా చెప్పవచ్చును. ఐదింటిని చూచి ఊరకున్నచో ఏమియు చెప్పలేము. అంతియేకాదు, ఆమ్లజని యొక్కటి కనబడినంతమాత్రమున ప్రాణి యున్నట్లు గాదు. ఎండ నీటిని విడగొట్టుట చేతను అది పుట్టవచ్చును. ఆమ్లజనియు మీథేనును ఒకేచోట ఎడతెగక యుండిన గాని అనుమానము బలపడదు. ఏలయన ఒకటి మఱియొకదానిని తినివేయును, రెండును నిలిచియుండవలెనన్న ఎవరో నింపుచుండవలయును. 1990 డిసెంబరులో గెలీలియో అను నౌక గురుగ్రహమునకు పోవుచు భూమి ప్రక్కగా దాటినపుడు, సేగను గారును సహచరులును తామేమియు నెఱుగనట్లే భూమిని పరీక్షించి, ఆమ్లజనిని, మీథేనును, పచ్చని చెట్ల వన్నెను, రేడియో సంకేతములను కనుగొని, ఇచట ప్రాణులున్నారని తీర్పుచెప్పిరి. ఉన్నచోట ఉన్నదనగలమా యని మొదట తమ్ము తాము పరీక్షించుకొన్న ఆ వినయము మాకెంతయు నచ్చినది.

ఇక మూడవ పక్షమువారు. వీరు మన సంస్కారసభలలోనివారే; మాకు మిత్రులు. "ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత. బడులకు కప్పులు లేవు. మీకు ఆకాశమున ప్రాణులు కావలసివచ్చినవా?" అని వీరి యాక్షేపణ. దీనిని మేము పరిహసింపము. మేము పాఠము చెప్పిన గదులలో వానకు బల్లలను ఈ మూలనుండి యా మూలకు జరిపినవి కలవు. కాని లెక్క చూడవలయును గదా! పైని చెప్పిన అమెరికా దూరదర్శినికి 1100 కోట్ల డాలర్లు, ఇరువదేండ్లలో వ్యయమగునని సమితి యంచనా. 2024లో లోకమందలి ప్రభుత్వములన్నియు సైన్యములపై వెచ్చించినది రెండు లక్షల డెబ్బది వేల కోట్ల డాలర్లకు పైబడినదని స్టాకుహోములోని శాంతిపరిశోధనసంస్థ లెక్క. అనగా ఆ దూరదర్శిని వెల, లోకపు సైనికవ్యయములో ఒకటిన్నర దినము. బడికప్పునకు రావలసిన సొమ్ము ఎటు పోయినదో వెదకువారు ముందుగా చూడవలసినది దూరదర్శిని వైపున గాదు.

మఱియు, సంస్కారమునకును ఆకాశమునకును వైరమని ఎవరు చెప్పిరి? వీరేశలింగముగారు వితంతువివాహములు చేయించిన చేతితోనే జ్యోతిశ్శాస్త్రసంగ్రహమును వ్రాసిరి. విశాఖపట్టణమున గోడే జగ్గారావుగారు 1840లో తమ యింటి యావరణమున వేధశాలను నెలకొల్పిరి. హైదరాబాదున నవాబు జఫర్‌జంగుగారు 1901లో స్వంత ధనముతో పదునైదంగుళముల దూరదర్శినిని తెప్పించిరి. అప్పుడును ఈగలుండెను. ముందిది, తరువాత అది యని వరుస పెట్టుచు పోయినచో రెండవది యెన్నటికిని రాదు. డార్విను అను పేరుతో ఇట్టి యంత్రమును కట్టదలచిన యూరపువారు 2007లో దానిని విడిచిపెట్టిరి. అమెరికావారును తమ యట్టి సంకల్పమునే విడిచిరి. నాడు కట్టియుండినచో కె2-18బి విషయమున ఈ కోలాహలమునకు బదులు పక్కా సాక్ష్యముతో వాదించుచుందుము.

మన దేశము ఊరకున్నదనుట సరిగాదు. ముప్పది మీటర్ల దూరదర్శినిలో భారతదేశము భాగస్వామి. 2014లో మన ప్రభుత్వము సుమారు 1300 కోట్ల రూపాయలకు అంగీకరించినది. దాని దర్పణము 492 తునకలు. వానిలో కొన్నిటిని మెఱుగుపెట్టుటకు బెంగుళూరునకు చేరువనున్న హొసకోటెలో కర్మశాల నెలకొల్పిరి. అట్టి పెద్ద దూరదర్శినులు భూమిమీదినుండియే ఎఱ్ఱని చిన్న నక్షత్రముల గ్రహములను పరిశీలింపగలవు. కాని యిచట మా పక్షమువారి తప్పునే చెప్పవలసియున్నది. ఆ దూరదర్శినికై కోరిన స్థలము హవాయి ద్వీపమునందలి మౌనాకియా శిఖరము. అది అచటి ఆదివాసులకు పవిత్రమైనది. 2019 జులైలో దారికడ్డముగా కూర్చున్న ముప్పదిమందికి పైబడిన వృద్ధులను, స్త్రీపురుషులను, పోలీసులు నిర్బంధించిరి. ఆనాటినుండి పని నిలిచియున్నది. మూఢవిశ్వాసము శాస్త్రమునకు అడ్డుపడినదని మన మిత్రులు కొందఱు వ్రాసిరి. మేమట్లు వ్రాయజాలము. ఆ వృద్ధులు నక్షత్రములు లేవనలేదు. నక్షత్రమార్గమున పడవలు నడిపిన జాతి వారిది. తమ్మడుగక తమ కొండమీద ఒకదాని తరువాత నొకటిగా పదుమూడు దూరదర్శినులు కట్టుట చాలుననిరి. కానరీ ద్వీపములలోని లా పాల్మాకు వచ్చినచో నలువది కోట్ల యూరోలిత్తుమని స్పెయిను దేశము 2025 జులైలో ముందునకు వచ్చినది. మౌనాకియా యంతటి యెత్తు లేదు. గాలి కొంత చిక్కన. అయినను అచటికే పోవలయునని మా యభిప్రాయము. మన రూపాయలకు పాలున్న చోట మన మాటకును పాలుండవలయును.

మేనల్లునికి మేము చెప్పిన ప్రత్యుత్తరము ఇంత పొడవు గాదు. ఆ గ్రహముపై ప్రాణి లేదని తేలినను పురాణము తప్పుగాదు, ఉన్నదని తేలినను ఒప్పుగాదు, ఆ వ్యాజ్యెమున దానికి సాక్షిస్థానమే లేదంటిమి. అతడు తృప్తిపడక, "మఱి నిజముగా ఎప్పుడు తెలియును?" అనెను. దూరదర్శినిని పంపుట 2040 తరువాత. ఇరువదియైదు గ్రహములను చూచి ముగించుటకు మఱికొన్నియేండ్లు. అన్నియు సక్రమముగా జరిగినచో నీకప్పటికి ఇప్పటి మా వయస్సు వచ్చునంటిమి. అతడు వీథిదీపము క్రింద ఆగి వ్రేళ్లు మడిచి లెక్కపెట్టి, లెక్క సరియేననెను.